కత్తెర గుర్తుకు పడ్డ ఓట్లు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. గాలి సోకిందని ఎవరినైనా కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోతుంటే, "ముందుగాల డాక్టర్‌కు సూపియ్యుండ్రి" అని అడ్డం పడి తిట్లు తిన్నదాన్ని. కోరుట్లలో జిరాక్స్ సెంటర్ నడుపుతాను. వచ్చినవాళ్లకు దరఖాస్తులు రాసిపెడతాను. కాగితం మీద ఉన్నది నమ్మడం, లేనిదాన్ని పక్కన పెట్టడం నాకు అలవాటు. అందుకే ఇది చదివి మీరు నన్ను నమ్మకపోయినా నేనేమీ అనుకోను. మీ జాగాలో ఉంటే నేనూ నమ్మను.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాన్నను బాపు అనేవాళ్లం. తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి కేకేస్తే వాడంతా వినపడేది. అంత గొంతు ఆయనది.

అమ్మ పేరు గంగవ్వ. బీడీలు చేసేది. వాడలోని ఆడవాళ్లంతా ఎదురింటి రాజవ్వ పెద్దమ్మ అరుగు మీద, చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఒకపక్క తునికాకు కత్తిరిస్తూ, మరోపక్క ఊరందరి ముచ్చట్లూ కత్తిరించేవాళ్లు. బడి నుంచి రాగానే నేనూ ఆ అరుగు అంచున చేరేదాన్ని. తంబాకు ఘాటుకు తుమ్ములొచ్చినా కదిలేదాన్ని కాదు. చుట్టూ సాంచాల చప్పుడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడులోనే నిద్ర పడుతుంది, అది ఆగితే మెలకువ వస్తుంది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు రిజర్వ్ అయింది. అరుగు మీదివాళ్లే పట్టుబట్టి అమ్మను ఇండిపెండెంటుగా నిలబెట్టారు. గుర్తు కత్తెర వచ్చింది. బీడీలు చేసేవాళ్లకు అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? రాజవ్వ పెద్దమ్మ మాత్రం, "కత్తెర ఉత్తగ ఆడిత్తే కొట్లాటైతదంటరే, పైలం" అని ఆటపట్టించింది.

ప్రచారం బాపుదే. ఆటోలో మైకు పట్టుకుని "మన గంగవ్వ! కత్తెర గుర్తు!" అని వార్డంతా తిరిగాడు. ఆ "మన"ను సాగదీసి, సాగదీసి అనేవాడు. వాడ పిల్లలమంతా ఆటో వెనక ఉరికేవాళ్లం. ఆ నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అమ్మ ఓడిపోయింది. ఓట్ల లెక్కింపు నుంచి బాపు తల వంచుకుని వచ్చాడు. "ఓడిపోయినం. ఎన్నచ్చినయో నన్నడుగకుండ్రి" అన్నాడు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అరుగు మీదివాళ్లు కూడా ఓట్లు వేయలేదని ఎవరో అమ్మ చెవిలో వేశారు. మరునాడు అమ్మ తన చాట తీసుకుని ఇంట్లోకి వచ్చేసింది. అప్పటి నుంచి లోపలి అర్రలో ఒక్కతే కూర్చుని బీడీలు చుట్టింది. రాజవ్వ పెద్దమ్మ పిలిచి పిలిచి వేసారింది.

ఈ మధ్య రాజవ్వ పెద్దమ్మ మంచం పట్టింది. ఇక లేవదని డాక్టర్లు చెప్పేశారు. ఒకసారి చూసి వద్దాం రమ్మని అమ్మను బతిమాలాను. "నాకు ఓటు గూడ ఎయ్యని మనిషిని నేనెందుకు సూడాలె?" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లుగా ఆమె లోపల ఏం మండుతోందో. ఆ ముసలామె పోతే అమ్మ ఆ మంటతోనే మిగిలిపోతుంది. అది నేను ఓర్వలేకపోయాను.

ఊరందరికీ రాసిపెట్టేదాన్ని, మా ఇంటి సంగతికి రాయలేనా అనుకున్నాను. అమ్మకు చెప్పకుండా సమాచార హక్కు కింద సిరిసిల్ల మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టాను. ఆ ఎన్నికలో మా వార్డులో గంగవ్వ అనే అభ్యర్థికి ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో నకలు ఇమ్మని అడిగాను.

కొన్నాళ్లకు వచ్చి తీసుకొమ్మన్నారు. సెక్షన్‌లో ఉన్న మేడమ్ మర్యాదగా కూర్చోబెట్టి, ముద్ర వేసిన కాగితం చేతికిచ్చింది. వేరే బూత్‌లలో గంగవ్వకు బాగానే పడ్డాయి. మా వాడ బూత్‌లో మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అమ్మ అనుకున్నదే నిజమన్నమాట. కాగితం మడిచి సంచిలో కుక్కాను. రికార్డు దొరకలేదని అబద్ధం చెబుదామనుకుని మెట్లు దిగాను.

మిట్టమధ్యాహ్నం. అప్పుడే కరెంటు పోయింది. ఊళ్లోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆఫీసు వెనక సందులో ఆటో చప్పుడు వినిపించింది, ఆ వెంటనే మైకు.

"మన లచ్చవ్వ! కత్తెర గుర్తు! మన లచ్చవ్వ!"

బాపు గొంతు. పోలిక కాదు, ఆయన గొంతే. "మన"ను అలాగే సాగదీశాడు.

గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా తలెత్తాడు. "ఇప్పుడేం ఎలచ్చన్లున్నయని మైకు?" అన్నాడు. కాబట్టి నాకొక్కదానికే వినిపించిన భ్రమ కాదు. సందులోకి పరుగెత్తాను. ఆటో లేదు, మనిషి లేడు. ఉతికి ఆరేసిన చీరలున్నాయి. ఇంతలో కరెంటు వచ్చింది, సాంచాలు మళ్లీ మొదలయ్యాయి.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది. బాపు పోయాక ఆ గొంతు కోసం ఎంత మొహం వాచి ఉన్నానో అప్పుడే తెలిసింది.

కళ్లు తుడుచుకున్నాక తట్టింది. లచ్చవ్వ మా నాయినమ్మ పేరు, అంటే బాపును కన్నతల్లి. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు, బాపు అసలే అనడు. మరి కత్తెర గుర్తుకు ఆమె పేరెందుకు?

తిరిగి పైకి పోయాను. "మేడమ్, కత్తెర గుర్తు ఎవలదో ఒక్కసారి సూడుండ్రి" అన్నాను. ఆమె మొత్తం ఫలితాల కాగితం తీసి నా ముందు పెట్టింది. కత్తెర: లచ్చవ్వ. భర్త పేరు దగ్గర మా బాపు పేరు. మా వాడ బూత్‌లో దాదాపు ఓట్లన్నీ ఆమెకే. గంగవ్వ అనేది వార్డు ఆ చివరి నుంచి పోటీ చేసిన వేరే ఆడమనిషి. తప్పు ఆఫీసుది కాదు. నేను ఏ పేరు అడిగితే ఆ పేరే ఇచ్చారు.

ఆ కాగితం తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను. ఆ పేరు మీద వేలు పెట్టి చెప్పింది.

"మా తల్లిగారింట్ల నా పేరు లచ్చవ్వనే. అత్త పేరు గూడ గదేనాయె. కోడలిని లచ్చవ్వా అని ఎట్ల పిలుస్తరు? లగ్గం నాడే గంగవ్వ అని పెట్టిన్రు. ఓటరు లిస్టుల పాత పేరే ఉండిపాయె. మైకుల లచ్చవ్వ అనుమని ఎంత మొత్తుకున్నా మీ బాపు ఇనలే. కన్న అవ్వ పేరు పెట్టి బజార్ల ఒర్రుతనా అన్నడు."

వేరే బూత్‌లలో మైకు విన్నవాళ్లు గుర్తు మరిచి, పేరు చూసి ఆ రెండో గంగవ్వకు వేసొచ్చారు. ఓట్లడగకుండానే ఆమెకు ఓట్లు కురిశాయి. మా వాడ ఎటువేసిందో బాపుకు తెలిసే ఉండాలి. ఆ సంగతి చెబితే తన మైకు వల్లే ఓడిపోయామని కూడా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాడేమో.

"దూరపోళ్లు తెల్వక ఏసిన్రనుకున్న. నా అరుగోళ్లు గూడ ఎయ్యలేదంటెనే నా పానం ఇరిగింది" అంది అమ్మ. అని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది.

మంచం మీది రాజవ్వ పెద్దమ్మ చేతిలో ఆ కాగితం పెట్టింది. ఆమె దాన్ని తిప్పి చూసి, "గిది నాకెందుకే? ఏసింది నేనే గదా!" అంది. ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు. ఆమె పోయేదాకా అమ్మ ఆ మంచం పక్కనే ఉంది.

తర్వాత నేను చాలామందిని అడిగాను. ఆ రోజు ఊళ్లో ప్రచార ఆటో ఏదీ తిరగలేదు. బాపు గొంతు రికార్డయిన క్యాసెట్ ఎవరి దగ్గరా లేదు, ఉన్నా అందులో ఆ పేరు ఉండదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

మైకు సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె జడుసుకోలేదు. నిజమా అబద్ధమా అని కూడా అడగలేదు. "కాపురమంత జేసిన గని, నా పేరుతోని నన్ను ఒక్కనాడన్న పిలువలే బిడ్డా" అంది. ఇప్పుడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "మీ బాపు ఎట్ల పిలిచిండు? మల్లొకసారి అను" అంటుంది. షాపులో జనం చూస్తున్నా సరే, నేను "మన"ను సాగదీసి గట్టిగా అంటాను.