నేను కావాలనే ఆపిన కంతులు

విడాకులు వచ్చిన రోజు చిత్తూరు కోర్టు వరండాలో నా లాయరు రెండు విషయాలు మళ్లీ గుర్తు చేశాడు. పాప పోషణకు నెలనెలా డబ్బు పంపాలి. తిరుపతి ఇంటి మీదున్న బ్యాంకు అప్పు కంతులు కూడా నేనే కట్టాలి. ఆ ఇంట్లో పాప, వాళ్లమ్మ ఉంటారు. సరేనన్నాను. చిత్తూరులో మామిడి మండీల వెనక గది బాడుగకు తీసుకుని, మెస్సులో తింటూ, మొదటి ఏడాది రెండూ తప్పకుండా కట్టాను.

ఒక ఆదివారం పాపను చూడడానికి వెళ్లాను. గేటుకు కొత్తగా రంగు వేశారు. లోపల తల్లీకూతుళ్లు దేనికో పగలబడి నవ్వుతున్నారు. నేనున్నన్నాళ్లూ ఆ ఇంట్లో అంత గట్టి నవ్వు విన్న గుర్తు లేదు. బెల్లు కొట్టగానే అది ఆగిపోయింది. ఆ నెల నుంచి కంతు కట్టడం మానేశాను.

పాప డబ్బు మాత్రం ఒకటో తేదీ పొద్దున్నే పంపేవాణ్ణి. అది తప్పితే కోర్టు ఊరుకోదు. ఇంటి సంగతి ఆమె కోర్టులో తేల్చుకునేలోగా ఇల్లే మిగలదని నాకు తెలుసు. బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. అప్పు ఇద్దరి పేరా ఉంది, ఫోన్లు ఆమెకూ పోతాయి. నాకు కావలసిందీ అదే.

ఆమె ప్రైవేటు బడిలో టీచరు. ఆ జీతం కంతుకు చాలదు. ఒకరోజు సెలవు పెట్టి, బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. నాకు పనేమీ లేకపోయినా ఆమెను భోజనాల వేళ దాకా వరండాలో నిలబెట్టాను. కుర్చీ వేయబోయిన అటెండరును వేరే పనికి పంపాను.

"సగం నేను కడతా. మిగిలింది నువ్వు కట్టు," అంది.

"సగం కట్టేదానివి, ఇన్నాళ్లూ అంతా నాతో ఎందుకు కట్టించినావు?"

"పాప పదో తరగతి పరీక్షలు అయ్యేదాకన్నా ఇల్లు నిలబెట్టు. అంతకుమించి అడగను."

"పోయి బ్యాంకోళ్లను అడుగు."

ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. సంచిలోంచి సీసా తీసి రెండు గుక్కలు నీళ్లు తాగింది.

"పాపకి ఏమని చెప్పేది?"

"మీ నవ్వులకి ఇంగ నేను బాడుగ కట్టలేనని చెప్పు."

ఆమెకు అర్థం కాలేదు. నేనూ విడమరచలేదు.

ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని బ్యాంకు వాళ్లు గోడకు నోటీసు అంటించిన రోజు, బడి నుంచి వచ్చిన పాపే మొదట చూసింది. నాకు ఫోన్ చేసింది.

"నాయనా, మనింటి గోడకి కాయితం అంటించినారు. నీ పేరు, అమ్మ పేరు ఉండాయి. వీధిలో వాళ్లంతా వచ్చి చదవతా ఉండారు. చించేసేదా?"

"చించితే పోలీసులొస్తారు. మీ అమ్మనడుగు," అని పెట్టేశాను.

ఆ రోజు మెస్సులో సాంబారు రెండోసారి పోయించుకుని తృప్తిగా తిన్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

పరీక్షలకు మూడు వారాల ముందు వాళ్లు ఖాళీ చేశారు. ఇల్లు వేలంలో చవగ్గా పోయింది. అప్పు పూర్తిగా తీరలేదు. మిగిలిన బాకీకి బ్యాంకు మా ఇద్దరి వెంటా పడింది. ఆమె తన బంగారు గాజులమ్మి సగం కట్టేసిందట. నా సగం నేనింకా కడుతూనే ఉన్నాను.

పాప మంచి మార్కులతో పాసైందని విని, బేనీషా మామిడి పళ్లు ఒక బుట్ట కొనుక్కుని, వాళ్లుంటున్న బాడుగ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తలుపు పాపే తీసింది. గడపకు అడ్డంగా నిలబడింది.

"అమ్మ ట్యూషన్ చెప్పను పోయింది. సాయంత్రం రండి."

"నీకోసమే వచ్చినా తల్లీ."

"మీ డబ్బులు ఒకటో తేదీకే వస్తా ఉండాయి. ఇంగేం పని లేదు గదా."

మా వైపు పిల్లలు నాయనను మీరు అనరు. అప్పటిదాకా ఆ పిల్లా అనలేదు. ఆ రోజు అన్నది కూడా కోపంతో కాదు. తెలియని మనిషి వాకిట్లోకి వస్తే ఎలా మాట్లాడాలో వాళ్లమ్మ నేర్పిన మర్యాదతోనే అంది. బుట్ట కింద పెట్టబోయాను.

"ఈడ పెట్టద్దండి," అని తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో చిత్తూరు వచ్చేశాను. తినేవాళ్లు లేక పళ్లు చాలావరకు గదిలోనే కుళ్లిపోయాయి.