నేను ఇవ్వలేదన్న గుడ్డ

ఐదేళ్లు కావస్తోంది. ఒక్క మాట. ఊరంతా వింటుండగా అన్నాను. అది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు. ఇవాళ్టి వరకు ఊళ్లో ఎవరి దగ్గరా దాన్ని వెనక్కి తీసుకోలేదు. గుండె మీద బరువు అంటారు కదా, బరువైతే ఎప్పుడో ఒకప్పుడు అలవాటవుతుంది. ఇది అలవాటు కాలేదు. నాతో పాటే అన్నానికి కూర్చుంటుంది, నాతో పాటే కుట్టు మెషిన్ ముందు కూర్చుంటుంది, ఎవరైనా నన్ను మంచోడు అన్నప్పుడల్లా లోపల పళ్లికిలిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే దమ్ముంటే ఈ కాగితం ఎందుకు?

నేను దర్జీని. బోధన్ అవతల, మంజీర వైపు ఊరు మాది. సంతరోజు సగం మాటలు మరాఠీలో వినిపిస్తాయి. జాకెట్లు, బడిపిల్లల బట్టలు కుడతాను. సభలొస్తే, ఎలక్షన్లొస్తే జెండాలు కుడతాను. ఏ పార్టీవైనా సరే. వాళ్లు తెచ్చిన గుడ్డ కోసి, అంచు మడిచి, కర్ర దూరేంత సందు పెట్టి కుట్టి ఇచ్చేస్తాను. నాకు పార్టీ లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ని. నిజమే, లేదు. ఉన్నది భయం. అది మాత్రం అన్ని పార్టీల మీదా సమానంగానే ఉండేది.

మా పనిలో ఒక రివాజు ఉంది. కత్తిరించగా మిగిలిన ముక్కలు దర్జీవి. ఎవరూ లెక్క అడగరు. దిండ్లలో కుక్కుకుంటాం, మసిగుడ్డలు చేసుకుంటాం. కానీ ముక్కలంటే ముక్కలే. ఆ ఏడు ఏదో పెద్ద సభ ఉందని మా సర్పంచ్ పార్టీవాళ్లు జెండాల గుడ్డ తెచ్చి ఇచ్చారు. ఒక్కో జెండా రెండు వేళ్లు పొట్టిగా కోశాను. చివరికి కత్తెర తగలని గుడ్డ తాను ఒకటి మొత్తం మిగిలింది. దాన్ని మంచం కింద దాచాను. అడిగితే గుడ్డ అయిపోయిందన్నాను. అసలు కథ ఇక్కడే మొదలైంది, కానీ అప్పుడు నాకు అదొక తప్పనే అనిపించలేదు.

కరోనా రోగం రెండోసారి విరుచుకుపడ్డప్పుడు మా దగ్గర పసుపు పాలిష్ పనులు నడుస్తున్నాయి. ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు. ఆ దుమ్ములో పక్క మనిషి కనిపించడు. ఆడవాళ్లు కొంగు, మగవాళ్లు రుమాలు ముక్కుకు చుట్టుకుని పని చేస్తారు. మా తాతల కాలం నుంచీ అంతే. దుమ్ముకు మూతి కట్టుకున్నన్నాళ్లు ఎవరికీ అందులో పార్టీ కనిపించలేదు. రోగానికి కట్టుకోమనగానే కనిపించింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే.

మాస్కులు పెట్టుకోమని సర్పంచ్ మైకులో చెప్పించాడు. ఉపసర్పంచ్ ఎదుటి పార్టీ మనిషి. చెప్పింది సర్పంచ్ కాబట్టి ఆయనకు అది నచ్చకూడదు. "పసుపుల పుట్టి పసుపుల పెరిగినోళ్లం, మనకు రోగమేందిరా? మూతికి చిక్కం కట్టేది ఎడ్లకు!" అని హోటల్ ముందు నిలబడి నవ్వేవాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి? అలా మూతికి గుడ్డ ఉంటే సర్పంచ్ మనిషి, లేకుంటే ఉపసర్పంచ్ మనిషి అయిపోయాడు. సర్పంచ్ మాత్రం ఏం తక్కువ తిన్నాడు? ఫోటో తీసేదాకా మాస్క్ ముక్కు మీద, తీయగానే గడ్డం కింద. థూ! వందల మంది దగ్గుతున్న ఊళ్లో ఇదీ వాళ్ల పంచాయితీ.

ఈ గొడవలతో సంబంధం లేకుండా పనిచేసింది ఒక్క రూతమ్మ. ఆమె మా ఊరి ఆశా వర్కర్. పేరు మార్చి రాస్తున్నాను. చర్చి వెనక వీధిలో తల్లితో ఉండేది. ఇల్లిల్లూ తిరిగి జ్వరం చూసేది, వేలికి ఆక్సిజన్ మిషన్ పెట్టేది, దగ్గేవాళ్ల పేర్లు రాసుకునేది. పైనుంచి వచ్చిన మాస్కులు అయిపోయాయి. గుడ్డల దుకాణాలు బంద్. ఒక పొద్దున మా ఇంటి గడప అవతలే నిలబడి, ఏదైనా గుడ్డ ఉంటే ఇవ్వమంది. పాలిష్‌కు పోయే ఆడవాళ్లు మాట్లాడాలంటే కొంగు దించేస్తున్నారని, చెవులకు తగిలించేవైతే ఉంచుకుంటారని చెప్పింది.

మంచం కింది తాను తీసి ఇచ్చాను. ఎందుకిచ్చాను? మంచితనంతోనే అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ దొంగ గుడ్డను ఇంట్లోంచి సాగనంపడానికి అంతకంటే మంచి సాకు దొరుకుతుందా? రెండూ ఉండి ఉంటాయి, ఏది ఎంతో నాకే తెలియదు. గట్టి గుడ్డ, రెండు పొరలు వెయ్యి అన్నాను. చెవుల నాడాలు నేనే కోశాను. ఒక నలభై దాకా నేనే కుట్టాను, అంచున నాకు అలవాటైన జంట కుట్టు వేసి. మిగతావి ఆమె తన మెషిన్ మీద కుట్టుకుంది. గుడ్డ మందం చూశాం, ఉతికితే ఆగుతుందా అని చూశాం. రంగు చూడలేదు. జెండాలు కుట్టీ కుట్టీ నా కంటికి అది ఉత్త గుడ్డే. ఆమెకు ఊపిరి పీల్చుకునేంత తీరిక కూడా లేదు, రంగు ఎక్కడ చూస్తుంది? ఆ రంగేదో మీకు కూడా చెప్పను. చెబితే మీరూ ఏదో ఒక పక్కకు చేరిపోతారు.

మర్నాడు పాలిష్‌కు పోయే ఆడవాళ్లంతా ఒకే రంగు మాస్కులతో వరసగా రోడ్డు మీద నడిచి వెళ్లారు. ఉపసర్పంచ్ చూశాడు. ఆయనకు అది సర్పంచ్ పార్టీ ఊరేగింపులా కనిపించింది. సాయంత్రానికల్లా పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. రోగం దినాలు, ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు, ఒక్కడి మూతికి గుడ్డ లేదు. రూతమ్మ ఒక్కతే మాస్క్ పెట్టుకుని, రిజిస్టర్ పట్టుకుని నిలబడింది. ఉపసర్పంచ్ ఒక మాస్క్‌ను బల్ల మీదికి విసిరాడు. దాని అంచున నా జంట కుట్టు ఉంది. దర్జీకి తన కుట్టు దూరం నుంచి కూడా తెలుస్తుంది.

"సర్కారు పని జేస్కుంట పార్టీ ప్రచారం జేస్తున్నవా?" అన్నాడు ఉపసర్పంచ్.

"ప్రచారమేంది పటేలా? మూతికి గుడ్డ గది. దుకాండ్లు బందున్నయ్, దొరికిన గుడ్డ కుట్టిన," అంది రూతమ్మ.

సర్పంచ్‌కు చెమటలు పట్టాయి. "నేనైతే ముక్క గూడ ఇయ్యలే. నాకేం సంబంధం లేదు," అన్నాడు.

"మరి యాడికెళ్లి వచ్చింది?" అని ఉపసర్పంచ్ రూతమ్మను గద్దించాడు.

"గీ టైలరన్న ఇచ్చిండు. అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఎంతసేపు? నాలుగు శ్వాసలు ఉంటుందేమో. ఆ కాసేపట్లో నేను ఎన్ని ఆలోచించానో చెబితే నమ్మరు. అవునంటే, అంత గుడ్డ ఎలా మిగిలిందని సర్పంచ్ అడుగుతాడు. అవునంటే, ఉపసర్పంచ్ ఇక నా గుమ్మం తొక్కడు, తన వాళ్లను తొక్కనివ్వడు. దర్జీ గుడ్డ దొంగ అని తేలితే ఊళ్లో నాకు జాకెట్ ముక్క కూడా ఇవ్వరు. ఇన్ని లెక్కలు వేసిన బుర్రకు, కాదంటే ఆమె గతేమిటన్న ఒక్క ప్రశ్న తట్టలేదా? తట్టింది. అదే నా అసలు నేరం. తట్టలేదని అబద్ధం ఆడటానికి కూడా ఇప్పుడు ఓపిక లేదు.

"అన్నా, చెప్పు," అంది రూతమ్మ. ఆమె గొంతులో అనుమానం కూడా లేదు. నేను చెబుతాననే అనుకుంది.

"నేనియ్యలే. నా తాన గంత గుడ్డ యాడిది?" అన్నాను.

ఆమె "అన్నా!" అంది.

సర్పంచ్‌కు సందు దొరికింది. పంచాయతీ ఆఫీసు అర్రలో జెండాల గుడ్డ ఉండేదని, జ్వరాల లెక్క రాయడానికి వస్తూ పోతూ ఆమే తీసుకుని ఉంటుందని అన్నాడు. ఉపసర్పంచ్ తలూపాడు. ఊళ్లో డ్రైనేజీ మీద కలవనివాళ్లు, శ్మశానం దారి మీద కలవనివాళ్లు, మూతికి గుడ్డ కట్టుకోవాలా వద్దా అన్నదాని మీద ఊరిని రెండుగా చీల్చినవాళ్లు, రూతమ్మ దొంగ అన్న మాట మీద మాత్రం ఇద్దరూ కలిసిపోయారు! ఆడవాళ్ల దగ్గర మాస్కులు గుంజుకుని, ఆఫీసు ముందే కుప్పపోసి తగలబెట్టారు. నేను కుట్టిన నలభై కూడా అందులోనే కాలాయి. నేను అక్కడే నిలబడి చూశాను. ఇంకా చెప్పనా? కాలిపోతుంటే నాకు కాస్త నిమ్మళంగా అనిపించింది. కుట్టు పోయింది, రుజువు పోయింది అనుకున్నాను.

ఆ తర్వాత రూతమ్మ ఇంటింటికీ వెళ్తే తలుపులు తీయలేదు. "ఏమన్న ఎత్తుకపోతది" అని లోపలి నుంచే అనేవాళ్లు, ఆమెకు వినబడేలా. పది పన్నెండు రోజులు తిరిగింది. తర్వాత రిజిస్టర్ అప్పజెప్పి, తల్లిని ఊళ్లోనే విడిచి నిజామాబాద్ టౌనుకు వెళ్లిపోయింది. ఇక ఊళ్లో ఎవరికి జ్వరం ఉందో, ఎవరి వేలి మీద ఆక్సిజన్ అంకె పడిపోతోందో చూసే మనిషి లేకుండా పోయింది. మాస్కులంటే ఊరికి విరక్తి పుట్టింది. పెట్టుకోవాలనుకున్నవాళ్లు కూడా ఎందుకొచ్చిన గొడవ అని జేబులో పెట్టుకున్నారు.

లక్ష్మవ్వ అని పాలిష్ పనికి పోయే ముసలామె ఉండేది. మాస్క్ గుంజుకుంటుంటే, మంచిగుంది బిడ్డా ఉండనీయరాదుండ్రి అని బతిమాలింది. నెల తిరగకుండానే పోయింది. మాస్క్ ఉంటే బతికేదా? తెలియదు. రూతమ్మ ఉంటే ముందే పట్టుకుని దవాఖానకు పంపేదా? పంపేదేమో. తెలియదు తెలియదు అంటూ ఇన్నేళ్లు ఆ సందులో దాక్కున్నాను. లీడర్లను తిట్టుకున్నాను, నవ్విన జనాన్ని తిట్టుకున్నాను. ఆ తిట్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోను, అవన్నీ వాళ్లకు తగినవే. కానీ వాళ్లెవరికీ గుడ్డ ఎక్కడిదో తెలియదు. నాకు తెలుసు.

ఈమధ్య దారాలు కొనడానికి నిజామాబాద్ వెళ్లినప్పుడు రూతమ్మ కనిపించింది. ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేస్తోంది. బయట చాయ్ బండి దగ్గర ఎదురుపడి, చేతులు జోడించి, తప్పైందన్నాను. ఆ రోజు నిజం చెప్పాల్సింది అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టి నన్ను నిదానంగా చూసింది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవన్నా? గుడ్డ ఎవరిచ్చిండో నాకెర్క లేదా? నీ చేతులకెళ్లే గద తీస్కున్న. తెల్వనిది ఊరోళ్లకు. మా అవ్వ సచ్చిపోతే మట్టి జేయనీకి ఊరికొచ్చిన. నేను ఏడుస్తుంటే నా సంచి దిక్కు సూసిండ్రు, ఏమన్న ఏసుకపోతున్ననా అని. పొయ్యి గాళ్లకు చెప్పు."

అని లోపలికి వెళ్లిపోయింది. డ్యూటీ టైం.

బస్సులో వస్తుంటే నాకు కోపం వచ్చింది. ఎవరి మీద? ఆమె మీద! సిగ్గు లేకపోతే సరి. పోనీలే అన్నా అంటుందని, ఆ ఒక్క మాట సంచిలో వేసుకుని దర్జాగా ఊరికి రావచ్చని పోయాను. ఆమె అనలేదు. అనకపోవడమే న్యాయమని బోధన్ దాటేదాకా తెలియలేదు.

ఊళ్లో చెబుదామని రెండుసార్లు పంచాయతీ ఆఫీసు దాకా వెళ్లాను. రెండోసారి ఉపసర్పంచ్ ఎదురొచ్చి, సభ ఉంది, జెండాలు కుట్టాలె అన్నాడు. సరే పటేలా అన్నాను. నా నోరు ఇంతే. దాన్ని నమ్ముకుంటే చచ్చేదాకా ఇంతే. అందుకని రాస్తున్నాను, మా ఊరి హోటల్‌కు వచ్చే పత్రికకే పంపిస్తున్నాను. రూతమ్మ దొంగ కాదు. ఆ గుడ్డ నేనిచ్చాను. దొంగతనం చేసిందీ నేనే. ఇది రాశాక చాలా ఏళ్లకు ఊపిరి నిండుగా ఆడుతోంది. అంటే క్షమ దొరికిందని కాదు, అది ఇవ్వాల్సిన మనిషి ఇవ్వలేదు.

కింద పేరు రాయలేదు. అంత ధైర్యం ఇవాళ కూడా రాలేదు. కానీ చదివిన మా ఊరివాళ్లకు పేరుతో పని లేదు. మా ఊళ్లో జెండాలు కుట్టేది నేనొక్కణ్నే.