బయమ్మ కట్టుకున్న డవాలు

ఊరి పేరు చెప్పను. పెన్షన్ మీద బతుకుతున్నదాన్ని, ఈ వయసులో లేనిపోని తలనొప్పులు నాకెందుకు? అనంతపురం జిల్లాలో ఒక సబ్‌కలెక్టరు ఆఫీసు అనుకోండి, చాలు. అందులో నేను టైపిస్టుగా పనిచేశాను. పేరు నాగలక్ష్మి. మా నాయనది కిరాణా అంగడి. మా ఇంట్లో సర్కారు జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే, ఆ టెక్కు నాకు ఇప్పటికీ ఉంది. అయితే ఇది నా కథ కాదు, మా ఆఫీసు బయమ్మ కథ. ఆమె గురించి ఏ పేపరువాడూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు మా ఆఫీసు ఎట్లా ఉండేదో చెప్పాలి. తెల్లదొరలు కట్టిన రాతి బంగళా. ముందువైపు ఎత్తు మెట్లు, ఆఫీసరు జీపు ఆగే పోర్టికో, పొడుగాటి వరండా. వెనకవైపు గుర్రాల సాల. దొరలు పోయారు, గుర్రాలూ పోయాయి, సాల మాత్రం నిక్షేపంగా మిగిలింది. సోమవారం అర్జీలు తెచ్చే జనాన్ని వెనక గేటులోంచి పిలిచి ఆ సాలలో కూర్చోబెట్టేవాళ్ళు. మేత తొట్లు కూడా తీసెయ్యలేదు. పిల్లతల్లులు కొంగు పరిచి బిడ్డలను ఆ తొట్లలో పడుకోబెట్టుకునేవాళ్ళు. స్వతంత్రం వచ్చి యాభై ఏళ్ళు దాటినా గుర్రాల చోట మనుషులున్నారని ఎవరికీ సిగ్గనిపించేది కాదు.

దొరలు వదిలిపోయిన ఇంకో వస్తువు డవాలు. భుజం మీదుగా నడుము దాకా ఏటవాలుగా వచ్చే ఎర్రపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. తలకు జరీ అంచు పాగా. అవి కట్టుకున్న బంట్రోతును దఫేదారు అంటారు. ఆఫీసరు ఎటు కదిలినా దఫేదారు ముందు నడుస్తూ, జనాన్ని పక్కకు జరుపుతూ పోవాలి.

బయమ్మ భర్త లింగప్ప మాకు దఫేదారు. నిలువెత్తు మనిషి. ఆయన పాగా చూసి కొత్త తహసీల్దార్లు పొరపాటున నమస్కారం పెట్టేవాళ్ళు. తొంభై ఏడు ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. కారుణ్య నియామకం కింద బయమ్మకు అటెండరు ఉద్యోగం ఇచ్చారు. నల్లమాడ వైపు పల్లె ఆమెది, శనక్కాయ చేలల్లో కాయలు వలిచిన చేతులు. డవాలు మాత్రం తిప్పయ్య అనే ఇంకో అటెండరుకు పోయింది. బయమ్మ టీ గ్లాసులు కడిగింది, బూజులు దులిపింది, ఫైళ్ళు మోసింది. నోరు మాత్రం ఎవరి దగ్గరా తగ్గించలేదు.

రెండువేల మూడులో తిప్పయ్య రిటైరయ్యాడు. ఆ సాయంత్రమే ఆమె మా ఏఓ వెంకటరాముడు గారి బల్ల ముందు నిలబడింది. ఆఫీసు నడిపేదంతా ఆయనే. మరీ చెడ్డవాడని అనను. ఫైలు కదలకుండా ఉంటే లోకం చల్లగా ఉంటుందని నమ్మే మనిషి.

"తిప్పయ్య పోయినాక వరసలో ఎవరుండారు సార్?"

"నువ్వే. అయితే ఏమిప్పుడు?"

"అయితే డవాలు నాకియ్యండి."

ఆయన నవ్వాడు. వీరేష్ అనే కుర్ర అటెండరుకు ఇద్దామని అప్పటికే మనసులో అనుకున్నాడు. "ఆడమనిషివి, పాగా యాడ పెట్టుకుంటావమ్మా?"

"తలకే సార్. అందరూ యాడ పెట్టుకుంటారో ఆడే."

ఆయన ఆ తర్వాత నవ్వలేదు. ఆడవాళ్ళకు ఇవ్వకూడదనే రూలు కోసం అల్మారాలన్నీ వెతికించాడు. దొరకలేదు. ఆడది వచ్చి డవాలు అడుగుతుందని తెల్లదొరకు కలలో కూడా తట్టి ఉండదు, అందుకే వద్దని రాసిపెట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆమె పట్టుదల నాకూ నచ్చలేదు. "ఏమక్కా, ఆ బెల్టు దొరల కాలంనాటి బానిస గుర్తు. దానికోసం ఇంత కొట్లాటా?" అని అడిగాను.

"మా ఆయన కట్టుకున్నప్పుడు అది గౌరవం అంటిరి. నేను అడిగితే బానిసత్వమైపాయనా టైపమ్మా?" అంది. నన్ను ఆమె టైపమ్మా అనే పిలిచేది. నేను నోరు మూసుకుని ఆమె అర్జీ టైపు చేసి ఇచ్చాను. నెలలు గడిచాక డవాలు ఆమెకే ఇవ్వమని ఆర్డరు వచ్చింది.

ఆమె డవాలు కట్టుకున్న మొదటి సోమవారం నాకు బాగా గుర్తు. బిళ్ళను చింతపండు పెట్టి తోమింది. ముదురు నీలం చీర మీద ఎర్రపట్టీ, కొప్పు మీద పాగా. జారకుండా పిన్నులు పెట్టింది నేనే.

"ఏమక్కా, పెండ్లికొడుకు మాదిరి ఉండావే" అన్నాడు వీరేష్.

"అవునప్పా. పోయి గుర్రాన్ని పట్టుకురా" అంది. వాడితో సహా అందరం నవ్వాం.

నీళ్ళ కడవ పెట్టి రావడానికి సాలలోకి వెళ్ళింది. అర్జీలు రాసుకునే కాయితాలు ఇవ్వడానికి నేను వెంట వెళ్ళాను. ఎర్రపట్టీ కనబడగానే లోపల కూర్చున్నవాళ్ళంతా లేచి గోడకు ఒదిగిపోయారు. ఒక ముసలామె మాత్రం కదల్లేదు. ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని బయమ్మ ముఖంలోకి చూసింది. చౌడమ్మ. బయమ్మ పుట్టింటి ఊరే, వరసకు అత్త.

"బయమ్మా, నువ్వేనా? నువ్వూ మమ్మల్ని తోలేదానికే కట్టుకుంటివా ఇది?"

బయమ్మ కడవ దించి ఆమె పక్కన కూర్చుంది. చౌడమ్మ సంగతి చెప్పింది. ఊళ్ళో బోర్లు ఎండిపోయాయి. నీళ్ళ ట్యాంకరు రావడం నిలిచిపోయింది. వారం వారం ఆడవాళ్ళంతా బస్సెక్కి ఇక్కడికి వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ ఏఓ గారు అర్జీ తీసుకుని, దొర క్యాంపులో ఉన్నాడు పొండి అంటున్నారు. ఆ సోమవారాలన్నీ సబ్‌కలెక్టరు లోపల ఫ్యాను కిందే ఉన్నాడని నాకు తెలుసు, బయమ్మకూ తెలుసు. ఆయన ఉత్తరాది కుర్రాడు, కొత్తగా వచ్చాడు. మన డివిజన్లో సమస్యలు తక్కువే అని ఒకసారి మాతోనే సంబరంగా అన్నాడు. ఆయన బల్ల మీదికి ఏ అర్జీ పోవాలో ఏఓ గారే ఏరేవాడు మరి.

పదకొండు గంటలకు సబ్‌కలెక్టరు మీటింగుకు బయలుదేరాడు. చెవికి ఫోను, చేతిలో ఫైలు. తలెత్తి దారి చూసే అలవాటు ఏ ఆఫీసరుకూ ఉండదు. ముందు ఎర్రపట్టీ కనబడుతుంటే దాని వెంట పోవడమే. మీటింగు హాలుకు పోవాలంటే వరండాలో కుడివైపు తిరగాలి.

బయమ్మ ఎడమవైపు తిరిగింది.

టైపు గది కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఏఓ గారు వెనకనుంచి, "బయమ్మా, అట్ల కాదు, ఇట్ల" అని గొంతు తగ్గించి పిలుస్తున్నాడు. దఫేదారు వెనక్కి తిరిగి చూడకూడదు, అదీ దొరలు పెట్టిన పద్ధతే. ఆమె పద్ధతి తప్పలేదు. తిన్నగా వెనక మెట్లు దిగింది, పెరడు దాటింది, సాలలోకి నడిచింది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే వెంట వెళ్ళాడు. నేను మిషను వదిలేసి పరుగెత్తాను.

సబ్‌కలెక్టరు తలెత్తేసరికి ఎదురుగా మేత తొట్టిలో పసిబిడ్డ నిద్రపోతోంది. చుట్టూ జనం లేవబోయారు.

"లేయొద్దండి, కూచోండి" అంది బయమ్మ. "అత్తా, నాకు చెప్పింది ఈ సారుకు చెప్పు."

ఆయన ఫోను ఆపేశాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో, "మీరు ఎప్పటి నుండి వచ్చుచున్నారు?" అని అడిగాడు.

"నెల దాటిపాయ సామీ. నువ్వు క్యాంపులో ఉండావనిరి."

ఆయన ఏఓ గారి వైపు చూశాడు. ఏఓ గారు చేతిలో ఫైలు వైపు చూసుకున్నాడు. ఆ పూట మీటింగు జరగలేదు. కుర్చీ తేవాలని ఎవరికీ తోచక, ఆయన మధ్యాహ్నం దాకా నిలబడే అందరివీ విన్నాడు. మరునాడు చౌడమ్మ ఊరికి ట్యాంకరు వెళ్ళింది.

అంతటితో అయిపోతే అది ఆఫీసు ఎట్లా అవుతుంది? ఆ వారంలోనే ఏఓ గారు బయమ్మకు మెమో ఇచ్చాడు. నిర్దేశించిన దారి తప్పించి ఉన్నతాధికారిని ఇబ్బంది పెట్టినందుకు డవాలు ఎందుకు వెనక్కి తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వాలని. అన్ని నెలలు పోట్లాడి తెచ్చుకున్నది ఒక్క సోమవారం కట్టుకుంది మనిషి. మెమో ఆమెకు నేనే చదివి వినిపించాను.

సంజాయిషీ నేనే టైపు చేశాను. అలవాటు ప్రకారం, తెలియక జరిగిన పొరపాటును పెద్దమనసుతో క్షమించగలరని తమ విధేయురాలు ప్రార్థిస్తున్నదని ముగించాను. అందరికీ అట్లాగే రాస్తాం.

"చదువు" అంది. చదివాను.

"పొరపాటని ఎవరు చెప్పినారు టైపమ్మా? తెలిసే పోయినా."

"డవాలు పోతుంది అక్కా."

"పోనీ. తప్పు చేసినానని రాసిస్తే, దాన్ని కట్టుకోని చౌడత్త ముందర ఎట్ల నిలబడేది?"

ఆ కాయితం చింపేయించింది. కొత్తది తనే చెప్పింది. ఆఫీసరుకు దారి చూపించేది దఫేదారు పని, చూపించినాను. అంతే. ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను. ఎన్నో ఏళ్ళు ఎందరి తరఫునో క్షమాపణలు టైపు చేసిన ఆ మిషను మీద అటువంటి కాయితం అదొక్కటే తయారైంది. ఆమె కింద సంతకం పెడుతుంటే గర్వంగా చూస్తూ నిలబడ్డాను.

ఫైలు సబ్‌కలెక్టరు గదిలోకి వెళ్ళింది. వారమంతా బయటికి రాలేదు. సోమవారం వచ్చింది. డవాలు తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, కట్టుకోమనీ చెప్పలేదు. బయమ్మ కట్టుకునే వచ్చింది.

పదకొండు గంటలకు ఆయన గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలో ఫోను లేదు. ఏఓ గారు ముందుకొచ్చి, ఇటు సార్ అంటూ కుడివైపు చెయ్యి చూపించాడు. ఆయన కదల్లేదు. వరండాలో నిలబడి, బయమ్మ ఎటు అడుగేస్తుందా అని చూస్తూ ఉండిపోయాడు. మేమంతా తలుపుల దగ్గర చేరాం.

బయమ్మ పాగా సర్దుకుంది. సాల వైపు నడిచింది. ఆయన ఆమె వెనక నడిచాడు.