కొంగు ముందు చూపాలి

యాభై ఒక్క ఏళ్ల వయసులో నేను మొదటిసారి రెజ్యూమె రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్లంతా మంట. పంతొమ్మిదేళ్లు నేను వీవింగ్ మేనేజరుగా నడిపించిన మిల్లును సేటు అమ్మేసి బిల్డింగుల వ్యాపారంలోకి పోయాడు. "నీకేం భాయ్, ఎక్కడైనా దొరుకుతుంది" అని భుజం తట్టాడు. దొరకలేదు. బతకడానికి వలసొచ్చిన ఆ పరాయి ఊళ్లో, మా తెలుగువాళ్లుండే పర్వత్ పాటియా పేటలో, మూడు నెలలు ఇంట్లోనే గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఈ వయసులో ఇక నన్నెవరూ పిలవరేమోనన్న భయం, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి కోపం. టీలో చక్కెర తక్కువైతే కోపం, ఫ్యాను చప్పుడు చేస్తే కోపం.

నా రెజ్యూమె నాలుగు పేజీలు. పదో తరగతి చదివిన బడితో మొదలుపెట్టి, పనిచేసిన చోట్లు, నడిపిన యంత్రాలు, చివరికి నాకు సిగరెట్ అలవాటు లేదన్న సంగతి కూడా రాశాను. ఇంత అనుభవం చూశాక ఎవడు కాదంటాడు అనుకున్నాను. ఎవరూ కాదనలేదు. అసలు ఫోనే చేయలేదు.

నా భార్య రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరలు తెచ్చి ఇంట్లో అమ్ముతుంది. ఒక రోజు పొద్దున, కొనడానికొచ్చిన ఆడవాళ్లు వెళ్లాక, చీరలు మడతపెడుతూ "ఏం రాసినవో జర సదువు" అంది. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ పోయాను. రెండో పేజీ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టింది.

"వింటున్నవా లేదా?"

"ఇంటున్న, ఇంటున్న. నువ్వు కానియ్."

మూడో పేజీలో, మా మిల్లులో పాత మరమగ్గాలు, అదే మా సాంచాలు, తీసేసి కొత్త వాటర్‌జెట్ మగ్గాలు పెట్టించిన ముచ్చట వచ్చింది. ఒక్క వరుసలో తేల్చేశాను. ఆమె గరిటెతోనే బయటికి వచ్చింది.

"ఆగాగు. అప్పుడు పాత పనోళ్లందరికి కొత్త మిషన్లు నేర్పింది నువ్వే గదా? ఒక్కల్ని గూడ తీసెయ్యనియ్యలే గదా?"

"అది నా పనే గదనే. అండ్ల గొప్పేంది?"

"అయ్యో నా రాత! నేను చీర చూపెడితే ముందుగాల ఏం తీస్త? కొంగు. నువ్వేమో లోపలి మడతకెల్లి చూపెడుతున్నవ్. కొంగు కనవడకముందే కొనేటోళ్లు లేచి ఎల్లిపోతరు. నేనే లేచి వంటింట్లకు పోయిన!"

ఆ సాయంత్రమే మళ్లీ రాశాను. కొత్త మగ్గాల సంగతి అన్నిటికన్నా పైన పెట్టాను: ఉత్పత్తి ఆగకుండా ఎలా మార్చామో, ఎవరి పనీ పోకుండా ఎలా చూశానో. బడి పోయింది, సిగరెట్ పోయింది. ఒక్కో వరుస కొట్టేస్తుంటే నా గుండె మీది బరువు కూడా తగ్గుతూ వచ్చింది. పద్దెనిమిదో ఏట నూలు కండెలు చుట్టిన నా మొదటి పనినీ కొట్టేయబోయాను. మేనేజరుకు అదొక నామోషీ అనిపించింది. ఆమె ఒప్పుకోలేదు.

"చివర్ల ఒక్క వరుస ఉండనియ్. గది లేకుంటే నువ్వేడికెల్లి వచ్చినవ్?"

వాదించే ఓపిక లేక వదిలేశాను.

పది రోజులకు ఊరి చివర ఇచ్ఛాపూర్‌లో ఒక మిల్లు నుంచి పిలుపొచ్చింది. అక్కడి యజమాని వయసులో నాకన్నా చిన్నవాడు. పై వరుసలు చదివి, తిన్నగా చివరి వరుస మీద వేలు పెట్టాడు. "కండెలు కూడా చుట్టారా?" అని హిందీలో అడిగాడు. అయిపోయింది అనుకుంటూనే అవునన్నాను.

"మా దగ్గరా కొత్త మగ్గాలు వస్తున్నాయి. పనివాళ్లు భయపడుతున్నారు. కింద నుంచి వచ్చినవాడు చెబితేనే వింటారు. సోమవారం రాగలరా?"

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. "ఇంటర్వ్యూ అయిపోయిందే" అన్నాను.

"పోనీతియ్" అందామె, ఉద్యోగం రాలేదనుకుని. "గిది గాకుంటే ఇంకోటి. ఎండల తిరగకు, ఇంటికొచ్చి బువ్వ తిను."

"వచ్చిందే. సోమారం నుంచి రమ్మన్నరు."

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఇన్నాళ్లూ నా చిరాకంతా భరించి ఒక్కనాడూ గొంతు పెంచని మనిషి, అప్పుడు అరిచింది.

"ముందుగాల గది చెప్పొద్దా! నా పానం పోయింది గదయ్యా!"