కిటికీ పక్క కుర్చీ

సెలూన్‌లో కిటికీ పక్క కుర్చీ బాబాయ్‌ది. మనసు బాగోలేక రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చినా ఆయన అలవాట్లేవీ మారలేదు. దువ్వెనలు కడిగి పేరుస్తాడు, కత్తికి కొత్త బ్లేడు వేస్తాడు, తువ్వాలు దులిపి నిలబడతాడు. కొత్తగా చేరింది పదింటి మాత్రొక్కటే, అదీ అందరి ముందే వేసుకుంటాడు. మారింది జనమే. జుట్టయితే ఆయన దగ్గర కత్తిరించుకుంటారు గానీ, గడ్డానికి మాత్రం "తొందరేం లేదులే" అంటూ పక్క కుర్చీలో పనిచేసే మేనల్లుడి కోసం గంటైనా ఆగుతారు. బాబాయ్ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తాడు.

ఆ ఆదివారం బెంచీ నిండా జనం ఉండగానే మేనల్లుడు వచ్చి బాబాయ్ కుర్చీలో వాలిపోయి మెడ పైకెత్తాడు.

"మామా, నడుం పడిపోయింది. నాక్కాస్త గడ్డం గియ్యి."

"వీళ్లంతా ఉన్నారు కదరా?"

"ఉండనీ. తొందర్లేదంటున్నారుగా!"

నురగ పూశాక బాబాయ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కత్తి చెవి దగ్గర్నుంచి కంఠం దాకా సాఫీగా దిగింది. సగం గడ్డం అయ్యేసరికి మేనల్లుడు గురక మొదలెట్టాడు. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పనైపోయినా బాబాయ్ వాణ్ని లేపలేదు. "తర్వాత ఎవరండీ?" అన్నాడు మెల్లగా.

లావుపాటి టీచరు లేచి, ఖాళీగా ఉన్న మేనల్లుడి కుర్చీలో కూలబడి తల వెనక్కి వాల్చాడు.

"మీసం జాగ్రత్త బాబాయ్! పోయినసారి మీవాడు ఒక పక్క ఎగరగొట్టేశాడు."