జూన్ ఒకటిన పుట్టిన పిల్లలు

2005 జూలై. నిడదవోలు దగ్గర కాలువ గట్టు పక్కనున్న ఊళ్లో అప్పర్ ప్రైమరీ స్కూలుకు, అంటే ఏడో తరగతి దాకా ఉండే బడికి, నేను హెడ్మాస్టర్ని. అదే బడిలో టీచరుగా చేరి అక్కడే పాతుకుపోయినవాణ్ణి. ఏడో తరగతిలో సత్యవేణి అని ఒక పిల్ల ఉండేది. ఆరో తరగతి రెండేళ్లు చదివింది. నెలలో పది రోజులు దగ్గూ జ్వరమూ అని మానేసేది. వచ్చిన రోజున కూడా బల్ల మీద తల వాల్చేసేది. "ఏంటే నిద్రమొహమా, రాత్రంతా ఊరికి కాపలా కాశావా?" అని నేను వెక్కిరిస్తే పిల్లలంతా ఘొల్లున నవ్వేవారు. వాళ్లతోపాటు తనూ నవ్వేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అంతకుముందు ఏడాది మా బడిలోనే దుర్గ అనే నాలుగో తరగతి పిల్లకు గుండెలో రంధ్రం ఉందని తేలింది. తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లలో పన్నెండేళ్లలోపు పిల్లలకు గుండె ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ బీమాలో భరించేవారు. దుర్గకు అలాగే ఆపరేషన్ అయింది. రెండో ఎక్కం దాటని పిల్ల ఆరు నెలలు తిరిగేసరికి పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పింది. నేను కొత్తగా నేర్పిందేమీ లేదు. పిల్లకు ఊపిరి అందింది, దాంతోపాటు చదువూ అందింది.

ఒకరోజు సత్యవేణి కాలువ గట్టు ఎక్కుతూ మూడుచోట్ల ఆగి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని నిలబడడం చూశాను. దుర్గ కూడా అచ్చం అలాగే ఆగేది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ నాగమణిని పిలిపించి, రాజమండ్రి పెద్ద డాక్టరుగారి దగ్గరకు పంపాను. వాళ్లది కౌలు వ్యవసాయం, సొంతానికి సెంటు భూమి లేదు.

మూడోరోజు ఆవిడ కాగితాలు పట్టుకుని వచ్చింది. "రంధ్రమేనంటండి మాస్టారూ. ఆలస్యమైతే ఊపిరితిత్తులు పాడైపోతాయంట, ఆపైన ఆపరేషన్ చేసినా లాభం ఉండదంటండి. మీరు స్టడీ సర్టిఫికెట్ రాసిచ్చేస్తే చాలంటండి."

స్టడీ సర్టిఫికెట్ అంటే పిల్ల ఫలానా బడిలో చదువుతోందని, పుట్టిన తేదీతో సహా హెడ్మాస్టరు రాసిచ్చే కాగితం. ఆ తేదీ అడ్మిషన్ రిజిస్టర్‌లోంచే రాయాలి. ఉత్సాహంగా రిజిస్టర్ తీశాను. సత్యవేణి పేరు పక్కన 1-6-1993 అని ఉంది. పన్నెండు నిండి నెలన్నర దాటింది. ఆ అక్షరాలు నావే.

1998 జూన్ సంగతి అది. బడిలో పిల్లల సంఖ్య తగ్గితే ఒక టీచరు పోస్టు ఎత్తేస్తారు. అందుకని వేసవి సెలవులు అవగానే ఇల్లిల్లూ తిరిగి, ఐదేళ్లు నిండని పిల్లల్ని కూడా ఒకటో తరగతిలో చేర్చేసుకునేవాళ్లం. ఐదు నిండినట్టు లెక్క సరిపోవాలిగా! అందరికీ జూన్ ఒకటే రాసేవాళ్లం. ఆ రోజు నాగమణి చెప్పింది కూడా, "కార్తీక పౌర్ణమినాడు పుట్టిందండి, ఇంకా నాలుగు నిండలేదండి" అని. "అవన్నీ దేనికమ్మా, ఒక ఏడాది ముందే చదువైపోతుందిలే" అన్నాను. ఆవిడ సంబరపడింది. నిజానికి ఆ జూలైకి సత్యవేణికి పదకొండేళ్లు కూడా నిండలేదు.

ఆఫీసుకు నేనే వెళ్లాను. బీమా దరఖాస్తులు చూసే గుమస్తా మంచివాడే. "నేనేం చేయనండి మాస్టారూ? మీ రిజిస్టర్లో ఏది ఉంటే అదే వయసండి. తేదీ మార్పించుకు రండి, అదే రోజు పంపేస్తాను" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ ఆ పూజారిని నేనే.

తేదీ మారాలంటే పుట్టిన ఆధారం కావాలి. పిల్ల ఆత్రేయపురంలో అమ్మమ్మగారింట్లో పుట్టింది, ఎక్కడా నమోదు కాలేదు. మంత్రసాని వాంగ్మూలంతోపాటు, తప్పు తేదీ తెలిసే రాశానని నేను సంతకం పెట్టాలి. అది పెడితే మెమో వస్తుంది, పెన్షన్‌కు ఎసరు. నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది. ఆ కాగితం పదకొండు రోజులు సొరుగులో పెట్టుకుని కూర్చున్నాను. ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

పన్నెండో రోజు సత్యవేణి ఇంటర్వెల్లులో నా గది గుమ్మం దగ్గర నిలబడింది. "మాస్టారండీ, నాకు పన్నెండు నిండలేదని మీరు చెప్తే సరిపోదాండి? మీ మాట అందరూ వింటారు కదండి."

అప్పుడు పెట్టాను సంతకం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఫైలు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిరిగింది. దసరా తర్వాత పిల్ల బడికి రావడం మానేసింది. సంక్రాంతి వెళ్లాక తేదీ మార్చిన ఉత్తర్వు చేతికొచ్చింది. గుమస్తా మాట తప్పలేదు, ఆ రోజే పంపాడు. రాజమండ్రిలో డాక్టరుగారు మళ్లీ పరీక్షలు చేసి, నాగమణిని బయట కూర్చోబెట్టి నాతో చెప్పారు. "ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయండి. ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోతుంది. జూలైలో చేసుంటే బతికేది."

ఫిబ్రవరి నెలాఖరున సత్యవేణి పోయింది.

మార్చిలో ఏడో తరగతి పరీక్షలకు హాల్ టికెట్లొచ్చాయి. అందులో తన టికెట్టూ ఉంది, సరిచేసిన తేదీతో. నాగమణి వచ్చి అడిగి తీసుకుంది. చదవడం రాదు, వేలు పెట్టి తేదీ ఎక్కడుందో చూపించమంది. చూపించాను. "ఇదేనండి కార్తీక పౌర్ణమి. ఇప్పుడు సరిగ్గా రాశారండి" అంది. తిట్టలేదు, శపించలేదు. తిట్టినా బాగుండేది.

చదువు ఒంటబట్టని పిల్లను మొద్దు అనేముందు ఆ ఒంట్లో ఏముందో చూడాలని, వైద్యం అందితే చదువు దానంతటదే వస్తుందని నాకు దుర్గ నేర్పింది. ఆ వైద్యం అందకుండా పోవడానికి దుర్మార్గుడెవడూ అక్కర్లేదని సత్యవేణి నేర్పింది. రిటైరయ్యే రోజున రిజిస్టర్ అప్పగించేముందు 1998 పేజీ తీశాను. పంతొమ్మిది మంది పిల్లలు. సత్యవేణి ఒక్కదాని తేదీయే ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. మిగతా పద్దెనిమిది మందీ జూన్ ఒకటినే పుట్టారు.