ఒడిబియ్యం కోసం తీయించుకున్న జుట్టు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కీమో మొదలైన పదిహేడో రోజు, దువ్వెనతో పాటు జుట్టు ఊడి వచ్చింది. టీచరుగా చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను కాబట్టి అదీ రాశాను. ఎర్రమందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా రావడం, నోటి పుండ్లు, పచ్చిపులుసు తిన్నా ఇనుము నాకినట్టుండడం, నల్లబడ్డ గోళ్లు, అన్నీ తేదీల వారీగా ఉన్నాయి.

నాలుగో కీమో అయ్యాక పాలకుర్తిలో తమ్ముడి కొడుకు పెళ్లి. పెళ్లికి ముందు ఇంటి ఆడబిడ్డలను పీట మీద కూర్చోబెట్టి, కొంగులో ఒడిబియ్యం పోస్తారు. పుట్టింట్లో నాకున్న చోటు ఆ పీటే. మరదలు ఫోన్ చేసింది.

"ఒదినె, జర పాణం కుదుటపడనియ్యి. ఎంటికెలు వచ్చినంక పోసుకుందం."

ప్రేమ అనుకున్నాను. బోడిదాని ఒడిలో బియ్యం పోస్తే ఇంటికి అరిష్టమని ఆమె అందరితో అన్నట్టు తర్వాత చిన్నమ్మ చెప్పింది. బోడి! మొగుడు పోయినదాన్ని అనే మాట. నా భర్త పక్క గదిలో నాకోసం కొబ్బరినీళ్లు వంపుతున్నాడు. ఆ రోజు పేజీలో ఆ ఒక్క మాటే రాసి, కింద గీత గీశాను.

కీమో అయిపోయింది. రోజూ ఒకే వేళకు వేసుకోవాల్సిన హార్మోన్ గోలీ మొదలైంది. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు లేస్తాయి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. జుట్టు మాత్రం ఉంగరాలు తిరిగి చెవుల దాకా వచ్చింది.

మరుసటి ఏడు తమ్ముడి కొత్తింటి గృహప్రవేశం. దానికీ ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోస్తారు. ఈసారి మరదలే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచింది. నా జుట్టు చూసి ముచ్చటపడింది కూడా.

గృహప్రవేశానికి ముందురోజు గుట్ట మీది గుడికి వెళ్లి, తలనీలాలు తీసే కళ్యాణకట్టలో జుట్టంతా ఇచ్చేశాను.

"పోయినప్పుడు ఏడ్సినవు, వచ్చినంక తీపిచ్చుకుంటివి. మొక్కున్నదా?" అన్నాడు నా భర్త.

ఉన్నదన్నాను. ఏం మొక్కని ఆయన అడగలేదు.

గుండుకు గంధం పూసుకుని, పట్టుచీర కట్టుకుని గడపలో అడుగుపెట్టాను. మరదలి ముఖం పాలిపోయింది. కానీ చిన్నమ్మ చేతులెత్తి దండం పెట్టింది.

"దేవుని గుండు, మంచిది. ముందుగాల పెద్దాడిబిడ్డకే పొయ్యుండ్రి."

నలుగురిలో మరదలు ఏమంటుంది? నేను పీట మీద కూర్చున్నాను. ఆమె పసుపు బియ్యంతో వంగినప్పుడు, ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాను.

"గా గుండు, గీ గుండు ఒక్కతీర్గనే ఉన్నయి గదనే? ఏది రోగానిదో, ఏది దేవునిదో జర చూసి పొయ్యి."

ఆమె దోసిట్లోంచి నాలుగు గింజలు పీట మీద రాలాయి. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రవికె గుడ్డ పడ్డాక ఒడి బరువెక్కింది. బిగిసిన నా వేళ్లకు కొంగు పట్టు దొరకలేదు. జారుతున్న అంచును పట్టుకోబోయింది మరదలు.

"చెయ్యి తియ్యి. ఇంక రెండు దోసిళ్లున్నయి."

తీసింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రెండు దోసిళ్లూ పోసింది. మణికట్లతో కొంగును పొట్టకు అదిమిపెట్టి, చివరి గింజ పడేదాకా ఆమె ముఖంలోకే చూశాను. జాలి కలగలేదు.